వేల్స్ దేశములో మాటలు నేర్పే ఊళ్లు

మేరీ జోన్స్ కథ చెప్పని సండే స్కూలు మన సంఘాలలో బహుశా ఉండదు. నేతపని చేసుకొనే పేదవాని కుమార్తె. ఆరేళ్లపాటు చిల్లర డబ్బులు కూడబెట్టి, 1800వ సంవత్సరములో, తన పదిహేనవ యేట, కొండదారిన సుమారు 40 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచి, బాల అనే ఊరిలో ఉన్న థామస్ చార్లెస్ అనే దైవసేవకుని యొద్ద బైబిలు కొనుక్కున్నది. 1804లో బైబిలు సొసైటీ పుట్టడానికి ఆ అమ్మాయి పట్టుదల కూడా ఒక కారణమని చెబుతారు. ఇంతవరకు మన పిల్లలకు కంఠతా వచ్చు. అయితే ఆ బైబిలు ఏ భాషలో ఉన్నదో వారిని అడిగి చూడండి. ఇంగ్లీషులో అంటారు. మేము మా సంఘములో అడిగితే పెద్దలు కూడా అదే అన్నారు. అది వెల్ష్ బైబిలు. ఆ పల్లెలో ఆ రోజులలో ఇంగ్లీషు వచ్చినవారే అరుదు.

సంఘ సేవకులము ముగ్గురము ఒక సదస్సు నిమిత్తము ఇంగ్లాండు వెళ్లి, అది ముగిసిన తరువాత పది దినములు వేల్స్‌లో తిరిగాము. దారి ఖర్చులు అక్కడి సహోదరులే భరించారు. లేనియెడల మా వంటివారికి అది అయ్యే పని కాదు. బ్రిటన్ పటములో పడమటి వైపున సముద్రములోకి చొచ్చుకొని వచ్చినట్లుండే కొండల ప్రాంతమే వేల్స్. జనాభా సుమారు 31 లక్షలు, అనగా మన పాత నెల్లూరు జిల్లా అంత. ఎటు చూచినా పచ్చిక కొండలు, రాతి గోడలు, గొఱ్ఱెలు. కీర్తనలలోని కాపరి మాటలు ఆ కొండల మధ్య చదువుకొంటే వేరుగా వినబడతాయి.

రోడ్డు మీద ప్రతి మలుపు దగ్గర తెల్లరంగుతో రెండు మాటలు వ్రాసి ఉంటాయి. ఒకటి ఇంగ్లీషు, రెండవది అరవ్. మెల్లగా వెళ్లుమని దాని అర్థము. మనలో పెద్దవారికి అరవము అంటే తమిళము గనుక మొదటి రోజు మేము బాగా నవ్వుకొన్నాము. తరువాత తెలిసింది, ఆ ఒక్క మాటలోనే ఆ దేశపు భాషా సమస్య అంతా ఉన్నదని.

బాల ఊరు ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్నది. ఆ సరస్సు ప్రక్కనే లానికిల్ అనే చోట ఒక పాత దేవాలయము, దాని ఆవరణములో థామస్ చార్లెస్ సమాధి ఉన్నాయి. ఆరాధనలు నిలిచిపోయిన ఆ దేవాలయమును 2014లో మేరీ జోన్స్ కథను చూపించే కేంద్రముగా మార్చారు. ఆ ఊళ్ల పేర్ల మొదట ఉండే 'ల' మన ల కాదు, ళ కాదు. నాలుకను 'ల' పలికే చోట ఉంచి గాలిని ప్రక్కల నుండి ఊదాలట. మేము ముగ్గురము పలికితే మూడు విధాలుగా వచ్చింది.

వెల్ష్‌లో సంపూర్ణ బైబిలు 1588లోనే వెలువడింది. దానిని అనువదించిన విలియం మోర్గన్ ఒక మారుమూల కొండ ఊరి పాస్టరు. మన తెలుగులో సంపూర్ణ బైబిలు రావడానికి 19వ శతాబ్దపు నడిమి వరకు ఆగవలసి వచ్చిందని జ్ఞాపకము చేసుకొంటే, వారికి ఎంత ముందుగా ఆ భాగ్యము దొరికిందో తెలుస్తుంది. కాని పుస్తకము ఉంటే చాలదు గదా, చదివేవారు కావాలి. ఆ పని లాన్‌దౌరోర్ అనే ఊరి పాస్టరు గ్రిఫిత్ జోన్స్ మొదలుపెట్టారు. 1730ల నుండి ఆయన నడిపిన బడులను తిరుగుడు బడులు అనవచ్చు. పొలము పనులు తక్కువగా ఉండే చలికాలములో ఒక ఉపాధ్యాయుడు ఊరికి వచ్చేవాడు. గుడిలోనో, గడ్డి నిలువచేసే కొట్టములోనో బడి. సుమారు మూడు నెలలు వెల్ష్ చదవడము నేర్పి, ఆ తరువాత మరొక ఊరికి వెళ్లేవాడు. పగలు కూలికి వెళ్లేవారికి రాత్రి బడి. పిల్లల ప్రక్కన ముసలివారు కూడా కూర్చొని అక్షరాలు దిద్దేవారు. 1761లో ఆయన చనిపోయేనాటికి మూడు వేలకు పైగా ఇటువంటి బడులు నడిచాయి. ఆ రోజులలో యూరపులో బాగా చదువు వచ్చిన పేద జనులలో వెల్ష్ రైతులు ఒకరయ్యారంటే ఆ కొట్టాల వల్లనే. థామస్ చార్లెస్ సండే స్కూలు కూడా ఆ దారిలోనిదే. అందుకే వేల్స్‌లో సండే స్కూలు పిల్లలకు మాత్రమే కాదు, తాతలకు కూడా.

ఈ అలవాటు మన దేశానికి కూడా వచ్చింది. 1841లో వేల్స్ నుండి వచ్చిన థామస్ జోన్స్ అనే మిషనెరీ మేఘాలయలోని సోహ్రాలో దిగి, ఖాసీ భాషను రోమను అక్షరాలలో వెల్ష్ పద్ధతిని అనుసరించి వ్రాశారు. ఖాసీ సహోదరులు ఈనాటికీ తమ భాషను ఆ అక్షరాలలోనే వ్రాసుకొంటున్నారు.

అంత బలముగా ఉన్న భాష ఎందుకు క్షీణించింది? బొగ్గు గనులకు, కర్మాగారాలకు ఇంగ్లీషువారు వేలుగా వచ్చారు. 1847లో ప్రభుత్వము వేయించిన విచారణ నివేదిక, వెల్ష్ భాష వల్లనే ఈ జనులు వెనుకబడి ఉన్నారన్నట్లు వ్రాసింది. కొన్ని బడులలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాని మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. మరొకడు వెల్ష్ మాట్లాడితే అది వాని మెడకు మారేది. సాయంత్రానికి ఎవని మెడలో ఉంటే వానికి దెబ్బలు. ఇది చదివి ఆ కాలపు మొరటుతనమనుకోవద్దు. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో ఒక పాఠశాలలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు కట్టారని పత్రికలలో చదివాము.

చివరకు తల్లిదండ్రులే పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడసాగారు. దానికి ఏ చట్టమూ అవసరము లేకపోయింది. 1911 జనాభా లెక్కలలో వెల్ష్ వచ్చినవారు 9 లక్షల 77 వేలు, అనగా నూటికి 43 మందికి పైగా. 2021 నాటికి 5 లక్షల 38 వేలు, నూటికి 18 కంటె తక్కువ. 2050 నాటికి పది లక్షలమంది వెల్ష్ మాట్లాడాలని వేల్స్ ప్రభుత్వము 2017లో ఒక గురి పెట్టుకొన్నది. ప్రభుత్వము డబ్బు ఇస్తున్నది, పాఠశాలలు తెరుస్తున్నది. అది అవసరమే. అయినా మేము చూచినంతలో పని జరిగేది టీ బల్లల దగ్గర, దేవాలయపు వెనుక గదులలో, పల్లె హాళ్లలో.

లీన్ ద్వీపకల్పములో నాంట్ గుర్థెయిర్న్ అనే చోటికి మమ్మును తీసుకొని వెళ్లారు. లిథ్‌వైన్ అనే ఊరు దాటగానే రోడ్డు ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. మలుపు మీద మలుపు, మూడు ప్రక్కల నిటారు కొండ, నాలుగవ ప్రక్క సముద్రము. మా ముగ్గురిలో ఒకరు దిగేంతవరకు కండ్లు తెరువలేదు. ఒకప్పుడు ఇక్కడ గ్రానైట్ రాతి క్వారీ ఉండేది. వీధులకు పరిచే రాళ్లు చెక్కి ఓడలలో ఇంగ్లాండు పట్టణాలకు పంపేవారు. మన చీమకుర్తి వైపు సంఘాలవారికి ఆ దుమ్ము, ఆ బ్రతుకు చెప్పనక్కరలేదు. క్వారీ మూతపడింది. 1959 నాటికి చివరి కుటుంబము కూడా వెళ్లిపోయింది. పైకప్పులు కూలి, గుమ్మాలు ఊడి, ఇళ్లలో గొఱ్ఱెలు, మేకలు తిరిగేవట.

1970ల ఆరంభములో ఆ ప్రక్క గ్రామమైన లానైల్‌హైర్న్‌కు కార్ల్ క్లోస్ అనే వైద్యుడు వచ్చాడు. మాంచెస్టరులో పెరిగినవాడు. వెల్ష్ నేర్చుకొని ఆ ఊరివాడైపోయాడు. ఆ గ్రామపు బడి మూసివేస్తామంటే ఊరివారితో కలిసి పోరాడి నిలబెట్టారు. పని లేక పిల్లలు వలసపోతే బడి నిలిచి ఏమి ప్రయోజనమని, 1974లో ఊరి జనులందరి పేరున ఒక సహకార సంఘము పెట్టారు. తరువాత ఆయన చూపు ఈ పాడుబడిన లోయమీద పడింది. పాడైన ఇళ్లను బాగుచేసి భాష నేర్పే ఊరుగా మార్చితే ఇటు భాష, అటు పని రెండూ దొరుకుతాయని ఆయన ఆలోచన. 1978లో చందాల డబ్బుతో ఒక ట్రస్టు ఆ ఊరిని కొన్నది. 1982లో మొదటి తరగతులు జరిగాయి. 2021లో ఆయన చనిపోయారు. ఊరు నడుస్తూనే ఉన్నది.

మేము వెళ్లిన రోజున ఒక వారము తరగతి సాగుతున్నది. నేర్చుకొనేవారు ఆ పాత క్వారీ పనివారి ఇళ్లలోనే బస చేస్తారు. పగలు పాఠము. భోజనము దగ్గర, నడక దారిలో, సాయంత్రము పాటల దగ్గర కూడా వెల్షే. వంటగదిలో వడ్డించేవారు సహా వెల్ష్‌లో మాట్లాడతారు. ఊరిలో ఉన్న పాత చాపెల్ ఇప్పుడు ఆ లోయ చరిత్రను చూపించే గది. మాకు అక్కడ సంతోషము, విచారము రెండూ కలిగాయి. వేల్స్ అంతటా చాపెళ్లు ఇలాగే మూతపడుతున్నాయి. కొన్ని అమ్ముడుపోయి నివాస గృహములైనాయి. 1904 ఉజ్జీవములో కిక్కిరిసిన బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఒకప్పుడు భాషను మోసిన భుజము బలహీనమైనప్పుడు ఆ బరువు ఎవరు మోయాలన్నది వారి ప్రశ్న.

నేర్చుకొనేవారికి పెద్ద ఆటంకము వ్యాకరణమని మేమనుకొన్నాము. కాదట. భాష వచ్చినవారి మర్యాదే ఆటంకమట. కొత్తవాడు దుకాణములో తడబడుతూ రెండు వెల్ష్ మాటలు అంటాడు. అంగడి ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు. పాపము కష్టపడుతున్నాడని జాలిపడి ఇంగ్లీషులోకి మారిపోతుంది. ఆమె ఉద్దేశము మంచిదే. అతడు మాత్రము ఇంటికి వెళ్లి, నా వెల్ష్ ఎవరికీ పనికిరాదని పుస్తకము మూసివేస్తాడు. ఇటువంటివారు ఎంతమందో అని అక్కడి ఉపాధ్యాయులు బాధపడ్డారు. అరవ్ అనే మాట రోడ్డుమీద కాక మనుష్యుల నోటిలో ఉండాలన్నది వారి అభిప్రాయము.

దీనికి వారు కనిపెట్టిన మందులు బహు చవకైనవి. మొదటిది టీ. ఒక చాపెల్ వెనుక గదిలో వారానికొకసారి జరిగే కూటములో మేము కూర్చున్నాము. పానెద్ ఆ స్గుర్స్ అంటారు, టీ కప్పు, కబుర్లు అని. పాఠము లేదు, పరీక్ష లేదు. ఒక బల్లకు ఇద్దరు వెల్ష్ పెద్దలు, నలుగురైదుగురు నేర్చుకొనేవారు. ఎవరైనా మాట దొరకక ఆగితే పెద్దలు అందించకుండా కాసేపు ఊరుకొంటారు. అతడే వెదుక్కొంటాడు. మాట తప్పైతే దిద్దరు, తాము చెప్పే జవాబులో సరియైన మాట పలుకుతారు. తల్లి చంటిబిడ్డకు మాటలు నేర్పేది అలాగే గదా. ఒక ముసలాయన, గొఱ్ఱెల కాపరి, వర్షము గురించి ఒకే సంగతి మూడుసార్లు మెల్లగా చెప్పడము చూచాము. ఆయనకు విసుగు రాలేదు. మాకు వచ్చేది.

రెండవది జతకట్టడము. జాతీయ వెల్ష్ అభ్యాస కేంద్రము 2016లో ఏర్పడింది. దాని ఆధ్వర్యములో ఒక నేర్చుకొనేవారిని, ఒక భాష వచ్చినవారిని జత చేస్తారు. కనీసము పది గంటలు కలిసి మాట్లాడుకోవాలి. ఎక్కడ అన్నది వారి ఇష్టము. తోటపని చేస్తూ మాట్లాడుకొనే జతలున్నాయి, కుక్కను నడిపిస్తూ మాట్లాడుకొనేవారూ ఉన్నారు. మూడవది ఇంకా చిన్నది, చొక్కాకు పెట్టుకొనే నారింజరంగు గుర్తు. నాతో వెల్ష్ మాట్లాడవచ్చునని దాని అర్థము. బ్యాంకులో, ఆసుపత్రిలో ఆ గుర్తు కనబడితే కొత్తవారికి ధైర్యము. నేర్చుకొంటున్నానని తెలిపే గుర్తు వేరే ఉన్నది. దానిని చూచినవారు మెల్లగా మాట్లాడతారు.

ఊరి పత్రికల సంగతి కూడా చెప్పాలి. 1973 నుండి వేల్స్‌లో ఒక్కొక్క ప్రాంతమువారు తమ కబుర్లతో వెల్ష్ పత్రికలు నడుపుతున్నారు. జీతగాళ్లు లేరు. పెండ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు, ఎవరి ఆవు బహుమతి గెలిచింది, ఇవే వార్తలు. కొన్నింటిలో నేర్చుకొనేవారి కోసము సులువైన మాటలతో ఒక పేజీ, క్రింద కఠిన పదములకు అర్థములు ఉంటాయి. కాగితాలు మడతపెట్టే సాయంత్రము ఊరివారు కూడుకొంటారు. కొత్తగా నేర్చుకొనేవారిని ఆ పనికి పిలుస్తారు, ఎందుకంటే చేతులు పనిలో ఉంటే నోటికి సిగ్గు పోతుంది. సంఘ పత్రికలు మడిచి, చిరునామాలు అంటించిన మన పాత పాఠకులకు ఇది అర్థమవుతుంది.

పిల్లల మార్గము వేరు. 1939లో అబెరిస్ట్విత్‌లో ఏడుగురు పిల్లలతో మొదటి వెల్ష్ మాధ్యమ పాఠశాల మొదలైంది. 1971లో తల్లులు, ఉపాధ్యాయినులు కలిసి చంటిపిల్లల బడుల ఉద్యమము స్థాపించారు. గుడి హాలులో చాప పరచి, బొమ్మలు పోసి, పాటలు పాడించడమే బడి. నీవూ నేనూ అనే పేరుగల కూటములో తల్లి కూడా బిడ్డతో కూర్చొని అవే పాటలు నేర్చుకొంటుంది. వెల్ష్ రాని ఇంట నుండి వచ్చిన పిల్లలే చాలాచోట్ల ఎక్కువ. బిడ్డ తెచ్చిన పాట అర్థము కాక తల్లి తరగతిలో చేరుతుంది. పెద్దలకు చదువు చెప్పాలంటే పిల్లవాని చేయి పట్టుకొని రావాలని గ్రిఫిత్ జోన్స్ కాలములోనే వారికి తెలుసు.

చివరి రెండు దినములు కార్డిఫ్‌లో ఒక తెలుగు కుటుంబము ఇంటిలో ఉన్నాము. ఆ సహోదరి నర్సు, గుంటూరు వైపు మా సంఘమువారి అమ్మాయే. వేల్స్ పాఠశాలలలో పదహారేళ్ల వరకు వెల్ష్ తప్పనిసరి గనుక పదకొండేళ్ల వారి పాప వెల్ష్ చక్కగా చదువుతుంది. ఆ భాషలో మాటల మొదటి అక్షరము మారుతూ ఉంటుందని పెద్దవారు ఫిర్యాదు చేస్తారు. తాద్ అంటే తండ్రి. అతని తండ్రి అనాలంటే తాద్ కాస్తా దాద్ అవుతుంది. ప బ అవుతుంది, క గ అవుతుంది. అది విని మేము, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవుతారు గదా, మన సంధి ఇదే అని చెప్పాము. పాప ఆశ్చర్యపడింది. "అయ్యగారూ, తెలుగులో కూడా ఉందా?" అని అడిగింది. పాపకు తెలుగు వింటే తెలుస్తుంది, చదవడము రాదు. ఊరిలో అమ్మమ్మకు తెలుగు బైబిలు తప్ప మరొకటి రాదు. ఫోనులో ఇద్దరూ బాగున్నావా, బాగున్నాను అనుకొన్న తరువాత మాట సాగదు. మనుమరాలు తడబడగానే అమ్మమ్మ తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలు వెదుక్కొంటుంది.

ఆ రాత్రి టీ బల్ల సంగతి ఆ సహోదరికి వివరించాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. మా వేల్స్ రోగులతో నేను వెల్ష్‌లో శుభోదయం చెప్పడము నేర్చుకొన్నాను అయ్యగారూ, నా బిడ్డకు అ ఆలు నేర్పలేదు అన్నది. ఆమెను నిందించడము మా ఉద్దేశము కాదు. రాత్రి డ్యూటీలు చేసి వచ్చే తల్లి అన్నీ ఎలా చేయగలదు?

మేము తిరిగి వచ్చిన తరువాత గుంటూరు వైపు వెళ్లినప్పుడు అమ్మమ్మను చూచాము. శనివారము సాయంత్రము అరగంట ఫోను అట. పాప ఎంతసేపు ఆగినా ఇంగ్లీషు మాట అందించకూడదని కూతురు చెప్పిందని, అది తనకు మహా కష్టముగా ఉన్నదని ఆమె నవ్వింది. పాప దగ్గర పెద్ద అక్షరాల తెలుగు బైబిలు ఉన్నది. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదువుతుంటే అమ్మమ్మ ఇక్కడ తన బైబిలులో వేలు పెట్టుకొని కూర్చుంటుంది. రూతు గ్రంథము మొదలుపెట్టారు. మేము వెళ్లిన నాటికి రెండవ అధ్యాయములో ఉన్నారు.